గొడుగు గుడ్డతో ఈదిన మా వదిన

గత మంగళవారం ఉదయం ఆరు దాటాక మా వదిన చనిపోయింది. గాజువాక దగ్గర క్వార్టర్లలో, మూడో అంతస్తులో, తన మంచం మీద. నీళ్లలో కాదు. చూడటానికి వచ్చిన డాక్టరు గుండెపోటు అన్నాడు. ఆమె చివరిసారి ఈతకొలనులో దిగి అప్పటికి నాలుగు నెలలైంది.

ఇవన్నీ ముందే ఎందుకు రాస్తున్నానంటే, శవం లేవకముందే మెట్ల మీద వేరే వార్త తయారైంది. పరామర్శకు వచ్చిన క్వార్టర్ల క్లబ్బు కార్యదర్శి మా అన్నయ్య చెయ్యి పట్టుకుని, ఈ వయసులో ఆ ఈతలు వద్దని తాము చెబుతూనే ఉన్నామన్నాడు. అన్నయ్య పోర్టులో క్రేన్ నడుపుతాడు. గొంతు పెద్దది. ఆరోజు మాత్రం మెల్లగానే అన్నాడు.

"నాలుగు నెలలై దిగనేదండి ఆవిడ. మీరే దిగనివ్వనేదు."

మర్నాడు ఒక పత్రికలో 'ఈత నేర్చిన ఉపాధ్యాయిని ఆకస్మిక మృతి' అని శీర్షిక వచ్చింది. ప్రతి మాటా నిజమే. వార్త అబద్ధం. పత్రికా వృత్తిలో చాలాకాలంగా ఉన్నాను కాబట్టి అలాంటివి ఎలా తయారవుతాయో నాకు తెలుసు.

వదిన చిన్నపిల్లల బడిలో టీచరు. పగలంతా నిలబడి పాఠాలు. ఇంటికొస్తే, వేసవిలో కుళాయి నీళ్లు మూడో అంతస్తుకు ఎక్కవు కనుక, కింద నుంచి బిందెలు. నలభై దాటేసరికి మోకాళ్లు అరిగిపోయాయి, రక్తపోటు వచ్చింది. రక్తపోటుకు నడవాలి. నడిస్తే మోకాళ్లు వాచేవి. చివరికి డాక్టరే ఒక దారి చెప్పాడు. గుండెకు పని చెప్పాలి, మోకాళ్లకు చెప్పకూడదు, రెండూ కుదిరేది ఈతలోనే అన్నాడట. ఆ సాయంత్రం వదిన మా ఇంటికి వచ్చి అరుగు మీద కూలబడింది.

"ఏటి బాబూ, మీ డాక్టరు నన్ను సేపని సేసేత్తన్నాడు" అంది.

క్వార్టర్ల క్లబ్బుకు ఒక కొలను ఉంది. రోజూ పొద్దున్న ఆరు నుంచి ఏడు వరకు ఆడవాళ్లకు. అప్పటికి ఆ గంటలో దిగేది కాలేజీ పిల్లలు ఇద్దరు ముగ్గురే. పెద్దవాళ్లకు ఏం వేసుకుని దిగాలో తెలియదు. చీర కాళ్లకు చుట్టుకుంటుంది. నూలుబట్ట నీళ్లు తాగి కిందికి లాగుతుంది. నీళ్లు తాగని గుడ్డ ఏదని వదిన ఆలోచించి, గొడుగు గుడ్డ అని తేల్చింది. పాతపట్నంలో ఒక దర్జీని పట్టుకుంది. ఆయన భార్య కొలతలు తీసుకుంది. మెడ నుంచి మోకాళ్ల కిందిదాకా నల్లటి నైలాను గౌను తయారైంది.

మొదటిరోజు దిగగానే లోపలి గాలికి దారి లేక అది బూరెలా పొంగి చెవుల దాకా లేచిందట. గట్టు మీది పిల్లలు నవ్వలేక కూర్చుండిపోయారట. వదినకూ నవ్వొచ్చి నోట్లోకి నీళ్లు పోయాయట. దర్జీ పక్కలు చీల్చి, కింద పైజామా కలిపి ఇచ్చాడు. గొడుక్కి కన్నం పెట్టడం ఇదే మొదలమ్మా అన్నాడని చెప్పి, వదిన ఆ మాటకు చాలాకాలం నవ్వుకుంది.

ఈత వచ్చాక ఆమె పద్ధతి ఒకటే. ఈ గోడ నుంచి ఆ గోడకు, ఆ గోడ నుంచి ఈ గోడకు. మునకలు లేవు, పందేలు లేవు, గట్టు మీంచి దూకడం లేదు. గోడ తాకినప్పుడల్లా పక్కనున్న మనిషితో ఒక మాట మాట్లాడేది. వంట గురించో, బడి గురించో. అది కబుర్ల కోసం కాదు. ఊపిరి చూసుకోవడానికి. తరవాత వచ్చిన వాళ్లందరికీ అదే నేర్పింది.

"మాటాడగలిగితే సరి. పాట పాడగలిగితే బద్దకం. మాటే రాకపోతే పొగరు."

ఎంత దూరం వెళ్లావు వదినా అని ఒకసారి అడిగాను. "ఎక్కడికీ ఎల్లనేదు బాబూ. గోడకీ గోడకీ మజ్జినే ఉన్నాను. ఒంట్లో రగతం మాత్రం ఊరంతా తిరిగొచ్చింది" అంది.

రెండేళ్లలో ఆమె మెట్లు ఎక్కేటప్పుడు గోడ పట్టుకోవడం మానేసింది. డాక్టరు మాత్ర సగం చేశాడు. ఇవి నేను చూసినవి. క్వార్టర్ల వరండాల్లో తీగల మీద నల్లటి గొడుగు గుడ్డలు ఒకటొకటిగా పెరిగాయి. పిల్లలు ఆమెను గొడుగు టీచరని పిలిచేవారు. పిలిస్తే పలికేది.

కిందటి చలికాలం చివర్లో క్లబ్బు గేటుకు నోటీసు అంటించారు. పొద్దుటి గంట ఇకపై పోటీలకు వెళ్లే కుర్రాళ్ల సాధనకు. ఆడవాళ్లకు మధ్యాహ్నం ఒంటిగంట నుంచి రెండు. వదిన కార్యదర్శి దగ్గరికి వెళ్తే నేనూ వెంట వెళ్లాను.

"రద్దు చేశామని ఎవరన్నారమ్మా? మార్చాం, అంతే" అన్నాడాయన.

"ఒంటిగంటకి నాను బడిలో ఉంటాను సార్. సెలవు రోజున వద్దామన్నా గట్టు కాలిపోతాది. మీ ఆవిడిని ఒక్కరోజు పంపండి. ఆ సిమ్మెంటు మీద పాదం ఆన్చి నిలబడితే, నాను మళ్లీ నోరెత్తను."

ఆయన నవ్వి, చూద్దాం అన్నాడు. చూడలేదు. ఒంటిగంటకు ఎవరూ రాలేదు. రాలేదు కాబట్టి ఆడవాళ్లకు ఈత మీద ఆసక్తి లేదని కమిటీ తేల్చింది. దానికి నీటి ఎద్దడిని కూడా జతచేశారు. కొలనులో ఆడవాళ్లు దిగినా కుర్రాళ్లు దిగినా నీళ్లు అవే. ఎద్దడి ఆడవాళ్ల గంటకే ఎలా వస్తుందని నేను అడిగాను.

వదిన రోడ్డు మీద నడిచి చూసింది. స్టీలు ప్లాంటు పనులకు తిరిగే లారీల దుమ్ములో వారం నడిచేసరికి మోకాళ్లు మళ్లీ వాచాయి. ఒక ఆదివారం అన్నయ్యను వెంటబెట్టుకుని యారాడ సముద్రానికి వెళ్లింది. ఒడ్డున వలలు ఆరబెట్టుకుంటున్న ఒకామె ఆమెను ఎగాదిగా చూసి, ఎందుకొచ్చావని అడిగిందట. వదిన చెప్పింది. ఆమె తల అడ్డంగా ఊపింది.

"ఈ నీటికి అవతల గోడ నేదమ్మా. దిగొద్దు."

దిగకుండానే తిరిగొచ్చింది. అన్నయ్య ఉడుక్కున్నాడుగాని వదిన ఉడుక్కోలేదు. ఆమె సరిగ్గా చెప్పింది, గోడలున్న నీళ్లు మనకు ఇక్కడ ఉన్నాయి కదా అంది. ఆ తరవాత ప్రతి నెలా క్లబ్బు గుమ్మం ఎక్కుతూనే ఉంది. చివరిసారి మెట్లు ఎక్కలేక కింద నిలబడి, కార్యదర్శినే బయటికి పిలిపించింది. ఆయన రాలేదు.

ఈత మానడం వల్లే మా వదిన పోయిందని నేను రాయను. డాక్టరు అలా అనలేదు, నాకూ తెలియదు. అయితే ఈత వల్ల పోయిందని ఎవరూ రాయడానికి వీల్లేదు. ఆమె బాగున్న రోజుల్లో ఈదింది. ఈదనివ్వని రోజుల్లో పోయింది. ఈ వరసను తిరగేసి చెప్పడం దుఃఖం కాదు, దగా.

ఆ దగాకు ముహూర్తం కూడా పెట్టారు. ఈ ఆదివారం ఉదయం తొమ్మిదికి క్లబ్బులో కమిటీ సమావేశం. ముందు మా వదిన మృతికి సంతాపంగా రెండు నిమిషాల మౌనం. ఆ వెంటనే, పెద్ద వయసు స్త్రీల క్షేమం దృష్ట్యా ఆడవాళ్ల గంటను పూర్తిగా ఎత్తివేయాలన్న తీర్మానం. ఆమె బతికుండగా అడిగిన ఒకే ఒక్క గంటను ఆమె పేరు చెప్పే తీసేస్తారు.

కబురు తెలిసి నిన్న సాయంత్రం క్వార్టర్ల ఆడవాళ్లు అన్నయ్య ఇంటికి వచ్చారు. వదిన దగ్గర ఈత నేర్చిన కింది వాటావాళ్ల కోడలు అందరి తరఫునా మాట్లాడింది.

"రెండు నిమిషాలు నోరు మూసుకోమంటన్నారు మావయ్యా. ఆవిడ మాకు నేర్పింది మాటాడమనే గదా."

అన్నయ్య లోపలికి వెళ్లి పెట్టెలోంచి వదిన గొడుగు గుడ్డ తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. ఆమెకు అది వదులు. పాతపట్నం దర్జీ దాన్ని శనివారం సాయంత్రానికి బిగించి ఇస్తానన్నాడు. ఆదివారం సమావేశం తొమ్మిదికి. ఆడవాళ్లు మాత్రం పాత వేళకే, పొద్దున్న ఆరింటికి, కొలను గేటు దగ్గర ఉంటారు.