మా గేటు ముందు వద్దన్న బాట

నిన్న ఆదివారం పత్రికలో ఒక బొమ్మ చూశాను. హైదరాబాదులో ఏదో పెద్దరోడ్డును మళ్లీ కొత్తగా కట్టబోతున్నారట, బస్సులకొక దారి, సైకిళ్లకొక దారి, నడిచేవాళ్లకు చెట్ల నీడన వెడల్పాటి బాట, అన్నీ రంగురంగుల్లో ముద్దుగా వేశారు. ఇలాంటి బొమ్మల్లో ఒక ముసలమ్మ తప్పకుండా ఉంటుంది, మీరు గమనించారో లేదో. మనవరాలి చెయ్యి పట్టుకొని, నవ్వుకుంటూ, తొందరన్నది లేకుండా తెల్లగీతల మీద రోడ్డు దాటుతుంటుంది. ఆమెను చూడగానే నాకు ఒళ్లు మండింది. పత్రిక మడిచి పక్కన పడేసి, చల్లారిపోయిన చాయ ముందు పెట్టుకొని చాలాసేపు మా అత్తమ్మనే తలుచుకుంటూ కూర్చున్నాను.

మాది నల్లగొండలో పెద్దరోడ్డు మీది ఇల్లు. కట్టంగూరు బడిలో పంతులమ్మగా పనిచేసిన రోజుల్లో నేను మా గేటు ముందే నిలబడి చెయ్యెత్తితే బస్సు ఆగేది, చెప్పుల్లో కాళ్లు పెడుతూ పరుగెత్తి వస్తున్నానని తెలిస్తే డ్రైవరు ఒక హారను కొట్టి మరీ ఆగేవాడు. మాకు సరిగ్గా ఎదురుగా, రోడ్డుకు అవతల, మా ఆడబిడ్డ ఇల్లు. కూతుర్ని కళ్లముందరే ఇచ్చుకున్నానని మా అత్తమ్మకు కొంచెం గర్వంగానే ఉండేది. మధ్యాహ్నం పనులయ్యాక దువ్వెనా, నూనె సీసా కొంగులో చుట్టుకొని, అటూ ఇటూ చూడడమన్నది లేకుండా చెయ్యి అడ్డంపెట్టి రోడ్డు మీదికి నడిచేది. లారీలవాళ్లు తిట్టుకుంటూనే ఆపేవాళ్లు. తల్లీకూతుళ్లు గడపలో కూర్చొని జుట్టు విప్పుకుంటే ఊళ్లో ముచ్చట్లన్నీ ఆ గడపలోకే వచ్చేవి.

తెలంగాణ వచ్చిన కొత్తలోనే మా ఆడబిడ్డకు పక్షవాతం వచ్చి కుడి చెయ్యీ కాలూ పడిపోయాయి. ఆమె పెనిమిటి, నాకు అన్నయ్య వరస, పొద్దున్నే సైకిలెక్కి రైసుమిల్లుకు పోతే చీకటిపడ్డాక గాని రాడు. అప్పటినుంచి అత్తమ్మ అవతలికి పోవడం కాలక్షేపం కాదు. కూతురికి అన్నం కలిపి తినిపించాలి, మొహం కడగాలి, జడ వెయ్యాలి. నేను సెలవు రోజున పోయి తినిపించబోతే మా ఆడబిడ్డ మొహమాటానికి నాలుగు ముద్దలు తిని చాలనేది, జుట్టు మాత్రం ముట్టుకోనిచ్చేది కాదు.

సరిగ్గా అప్పుడే మా రోడ్డుకు మంచిరోజులు వచ్చాయన్నారు. ఇళ్ల ముందరి అరుగులన్నీ కొట్టేసి వెడల్పు చేశారు. మా అరుగు పోయిందని మేమూ ఏడవలేదు, సొంత రాష్ట్రంలో మన పట్నం బాగుపడుతోందని సంబరపడ్డాం. తీరా చూస్తే రోడ్డు నడుమ డివైడరు కట్టి, దాని మీద ఛాతీ ఎత్తున ఇనుప కంచె పెట్టారు. ఆ మొదటిరోజు అత్తమ్మ టిఫిను డబ్బా పట్టుకొని గేటు తీసి, కంచె వంక చూస్తూ నిలబడిపోవడం నాకిప్పటికీ కళ్లముందు ఉంది. అవతలికి పోవాలంటే చౌరస్తాదాకా నడిచి, మళ్లీ అంత దూరమూ వెనక్కి రావాలి. ఆటో మాట్లాడతానంటే ఒప్పుకోలేదు.

"ఎదురుంగ కనవడే బిడ్డింటికి ఆటో ఎక్కి పోవుడేందే? నలుగురు వింటె నవ్వుతరు" అంది.

నడిచేది, ఎండనపడి, మోకాళ్లు పట్టుకొని, దారిలో ఎవరి దుకాణం మెట్ల మీదో కాసేపు కూర్చొని. అటు కిటికీ దగ్గర కూతురు ఆకలితో ఎదురుచూస్తుండేది. నేను బడినుంచి వచ్చేసరికి అత్తమ్మ మొహం కమిలిపోయి ఉండేది.

కొన్నేళ్లకు ఆ కట్టిన రోడ్డే సరిగా లేదని మళ్లీ కొత్త నమూనా వేశారు. బస్సులు ఆగడానికి వేరే చోటు, సైకిళ్లకు ఎర్రరంగు దారి, రెండువైపులా నడకబాట. వయసులో ఉన్న ఇంజినీరొకాయన మా వీధివాళ్లను పిలిచి నమూనా పరిచి చూపించాడు. కంచె నడుమ ఒకచోట ఖాళీ వదిలి, కొంచెం ఎత్తుగా తెల్లగీతలతో నడిచి దాటే బాట ఉంది. అది ఎక్కడనుకున్నారు, మా గేటుకూ ఆడబిడ్డ గేటుకూ మధ్యనే. ఎవరూ అడగలేదు, రెండు బస్సుస్టాపులకు నడిమధ్య అదే పడిందట. ఇంటికొచ్చి చెబితే అత్తమ్మ నమ్మలేదు.

"మల్ల మాట మార్వరు గద బిడ్డా?" అని రెండుసార్లు అడిగింది.

మాట మార్చింది ప్రభుత్వం కాదు. మావారు చెడ్డమనిషి కాదని ముందే చెబుతున్నాను, తల్లంటే ప్రాణమే. కానీ వాస్తు పిచ్చి. ఇల్లు కట్టేటప్పుడే వంటిల్లు మార్పించి మార్పించి మేస్త్రీని ఏడిపించిన మనిషి. ఆయనకు తెలిసిన వాస్తుపంతులు చాయ తాగడానికి వచ్చి, రోడ్డు మీద సున్నంతో గీసిన గుర్తులు చూసి, బాట సూటిగా గుమ్మానికి వస్తే అది వీధిపోటే, ఇంటి యజమానికి మంచిది కాదని చెప్పిపోయాడు. మా వైపు వీధి ఎదురొచ్చే ఇంటిని ఊరికే ఇచ్చినా తీసుకోరు, ఆ సంగతి మీకు తెలియంది కాదు. కానీ మనుషులు నడిచి దాటే నాలుగు గీతలు కూడా వీధిపోటేనని నేను వినడం అదే మొదటిసారి.

"మీ అమ్మ నడిచే బాట మీకు పోటెట్లయితది?" అని గట్టిగానే అడిగాను.

"అమ్మ జరంత ఎక్కువ నడిస్తె ఏమైతది? ఇంటికి కీడొస్తె ఎవరు చూస్తరు?" అన్నారాయన.

ఆ మరుసటి సమావేశంలో మావారొక్కరే వద్దని ఉంటే ఆ మాట అక్కడితో పోయేదేమో. ఆయన లేవగానే మా పక్కింటివాళ్లు, వాళ్ల పక్కింటివాళ్లు, ఒకరి తర్వాత ఒకరు లేచి మా గేటు ముందరా వద్దే వద్దన్నారు. ఆ ఇంజినీరు కాసేపు నచ్చజెప్పి, విసిగిపోయి, చివరికి ఎవరి గుమ్మమూ లేని చోటు వెతికి, చౌరస్తా దాపుల్లో పాడుబడ్డ గోదాము గోడ ముందు ఆ బాట పెట్టించాడు. రోడ్డు మాత్రం ముచ్చటగా తయారైంది. అన్నయ్య కొన్నాళ్లు ఎర్రదారిలో హాయిగా సైకిలు తొక్కాడు, తర్వాత మోటారుసైకిళ్లూ మిర్చిబజ్జీల బండ్లూ అందులోకి వచ్చేశాయి. మా ఇంటి ముందు కంచె ఇంకాస్త ఎత్తు పెరిగింది.

అత్తమ్మ కొడుకును పల్లెత్తు మాట అనలేదు. నన్ను పక్కకు పిలిచి, "మా పోరడే అడ్డంవడ్డడా?" అని అడిగింది. ఆ తర్వాత ఆమె గేటు దాటడం తగ్గించి, మెల్లగా మానేసింది. అప్పటికి నేను రిటైరయ్యాను కాబట్టి అన్నం డబ్బా నేనే తీసుకుపోయేదాన్ని. జుట్టుకు మాత్రం దిక్కులేకుండా పోయింది. చిక్కులు పడి, పేలు పడి, చివరికి అన్నయ్య మంగలిని పిలిపించి పొట్టిగా కత్తిరించేయించాడు. ఆ సంగతి అత్తమ్మకు చెప్పడానికి మాకెవరికీ నోరు రాలేదు.

ఒక సాయంత్రం వరండాలో కూర్చొని, బస్సు పక్కకు జరగగానే అవతలి కిటికీ వైపు కళ్లకు చెయ్యి అడ్డంపెట్టుకొని చూసింది.

"ఎవలే ఆ కిటికీల కూసున్నది? మా బిడ్డ ఏడవొయ్యింది?" అంది.

మావారు పక్కనే ఉన్నారు. లేచి లోపలికి వెళ్లి తలుపు వేసుకున్నారు.

అత్తమ్మ ఆ ఎండాకాలం దాటలేదు. చూసుకునేవాళ్లు లేక ఆడబిడ్డను అన్నయ్య మోత్కూరులో తన అన్నగారింటికి తీసుకెళ్లిపోయాడు. మావారు ఆ తర్వాత వాస్తుపంతులును గడప తొక్కనివ్వలేదు. ఆఫీసుల చుట్టూ తానే తిరిగారు, బతిమాలారు, అరిచారు, ఎట్లాగో ఈమధ్యే ఆ బాటను మా గేటు ముందుకు మార్పించారు.

రోడ్డు బాగుపడలేదని నేననను. బస్సులు వాటి చోట అవి ఆగుతున్నాయి, బడిపిల్లలు భయం లేకుండా దాటుతున్నారు, చూస్తే సంతోషంగానే ఉంటుంది. అవతల ఆడబిడ్డ ఇల్లు ఇప్పుడు సెల్‌ఫోన్ల దుకాణం. సాయంత్రంపూట మావారు గేటు తీసి పెట్టుకొని, ఆ గీతల మీద నడిచి వచ్చేవాళ్ల వంక చూస్తూ నిలబడతారు. వాళ్లందరూ సూటిగా మా గుమ్మం దాకా వస్తారు, వచ్చి, పక్కకు తిరిగి వెళ్లిపోతారు.