అవీలాకి కావలసిన గాలి

మా మరిది అవీలా కుదురుగా కూర్చోగా చూసినవాళ్ళు మా మాద్‌లెన్ దీవుల్లో చాలా తక్కువ. రేవు పక్కనున్న నా కాంటీన్‌కి వస్తే కాఫీ కప్పు చేత్తో పట్టుకుని కిటికీకీ తలుపుకీ మధ్య తిరుగుతూ తాగేవాడు. సగం నేలమీద ఒలికేది. తుడవడానికి నేనున్నాను కదా! మా చెల్లెలు లియోంతీన్ ఇతన్ని ఏం చూసి చేసుకుందో నాకు చాలా ఏళ్ళు అంతుబట్టలేదు.

మా దగ్గర మగవాడన్నాక సముద్రంలోకి వెళ్ళాలి. అవీలాకి పడవెక్కితే కడుపులో తిప్పుతుంది. సముద్రంలోకి తెరుచుకునే రేవు మొగ దాటకముందే వాంతులు. ఆ ఒక్క కారణంతో ఊరంతా చిన్నప్పటినుంచీ అతన్ని ఏడిపించింది. ఒడ్డున దొరికే పనులన్నీ చేశాడు. హెర్రింగ్ చేపలకి పొగపెట్టే కొట్టంలో చేశాడు, బడి బస్సు నడిపాడు, రోడ్డు మీద మంచు తోశాడు, చర్చి కప్పుకి రంగులేశాడు. ఏదీ రెండేళ్ళు నిలవలేదు. ఎవరూ తీసేసేవారు కాదు, తనే వదిలేసేవాడు. "వదినా, అక్కడ రేపు కూడా అచ్చం ఇవాళ్టిలాగే ఉంటుంది" అనేవాడు. "అలా ఉంటుందనే కదయ్యా జీతమిచ్చేది" అనేదాన్ని. వినేవాడా?

పంతొమ్మిది వందల డెబ్భై అయిదులో కరెంటు కంపెనీవాళ్ళు వచ్చి పడమటి ఇసుకగట్టు మీద టవర్లు నిలబెట్టి తీగలు లాగారు. ఆ తీగల్లో కరెంటు లేదు. అవి ఎక్కడినుంచీ వచ్చేవీ కావు, ఎక్కడికీ పోయేవీ కావు. ఉత్తరాన కడుతున్న పెద్ద ఆనకట్టల నుంచి పట్నాలకి వందల మైళ్ళు కరెంటు తేవాలట. నాలుగేసి తీగలు గుత్తిగా పోతాయి. గాలికి అవి ఊగి, ఒకదాన్నొకటి కొట్టుకుని, అరిగి తెగుతాయి. అందుకని కంపెనీ ఇంజనీర్లు నాలుగు తీగల్నీ ఎడంగా పట్టి ఉంచే ఒక అల్యూమినియం చట్రం కనిపెట్టారు. దానికి నాలుగు చేతులు, ప్రతి కీలులోనూ రబ్బరు. ఊపునంతా ఆ రబ్బరు మింగేయాలి. మింగుతుందో లేదో చూడాలంటే గాలి దండిగా ఉన్నచోట వేలాడదీయాలి. గాలంటే ఇక మేమే కదా! మా వాళ్ళు దానికి పీత అని పేరు పెట్టేశారు.

ఆ పీతలకి కాపలా అవీలా. టవర్ల కింద చెక్కగదిలో ఉండి, గాలి వేగాన్ని కొలిచే చక్రం చూసి లెక్క రాయడం, పీతల్ని కెమెరాతో ఫిల్ము తీయడం అతని పని. "గాలికి కాపలా ఏంటిరా? పారిపోతుందా?" అని పడవలు నడిపే సరంగులు పగలబడి నవ్వేవారు. అతను మాత్రం ఆ పనిలో మూడేళ్ళు నిలిచాడు. ఇంటికొచ్చి పీతల గురించే చెప్పేవాడట. ఏ కీలు ఎంత కదిలింది, చలికి రబ్బరు ఎలా బిగుసుకుంది, అన్నీ. రోజూ ఒకేలా లేని పని అతనికి అప్పటికి దొరికింది.

డెబ్భై ఎనిమిది వసంతానికి చివరి పరీక్ష మిగిలింది. సగటున గంటకి అరవై కిలోమీటర్లకి తగ్గని పడమటి గాలి తీగలకి అడ్డంగా కొట్టాలి. అలాంటి గంటలు అయిదు ఫిల్ము మీదికి ఎక్కాలి. ఒక్కో రీలు ఆరు నిమిషాలు. పది రీళ్ళు వరసగా ఎక్కిస్తే గంట. మధ్యలో ఒక్కటి తప్పినా ఆ గంట చెల్లదు. నాలుగు గంటలు అయ్యాయి. అయిదోది మే నెలాఖరులోగా దొరక్కపోతే లైను విప్పేసి పరీక్షలన్నీ సముద్రం అవతలి పెద్దనేలకి మార్చేస్తామని కంపెనీ ఉత్తరం రాసింది.

"అక్కా, ఈ పని పోతే ఆయన మళ్ళీ తిరగడం మొదలెడతాడు" అంది లియోంతీన్ ఒకరోజు నా దగ్గర చేపలు కోస్తూ. "ఈసారి ఎంత దూరం పోతాడో, నేను ఎంత దూరం వెనకాల పోగలనో నాకు తెలీట్లేదు."

మా దీవుల్లో గాలికి కరువేంటని మీరనుకోవచ్చు. గాలి లేకేం, రోజూ ఉంది. ఉత్తరాన్నుంచో దక్షిణాన్నుంచో తీగల వెంబడే జారిపోయేది, అడ్డంగా మాత్రం రాదు. అవీలా పిచ్చెక్కినట్టు తిరిగేవాడు. ఫిబ్రవరి నుంచీ వారానికి రెండుసార్లు నా కాంటీన్ తలుపు తోసుకొచ్చి "ఎల్లుండి పడమటి గాలి ఖాయం" అనేవాడు. ఎల్లుండి వచ్చేది, గాలి వచ్చేది కాదు. చివరికి అదొక ఆటైపోయింది. ఎవరైనా నమ్మలేని మాట చెబితే "అవీలా గాలిలే" అనడం మొదలెట్టారు. ఆ మాట మొదట అన్నది నేనే. సిగ్గుగా ఉంది కానీ, నిజం.

మే మొదటి శనివారం లాబ్‌స్టర్ వేట మొదలవుతుంది. ఆ రోజు ప్రతి పడవా వాటిని పట్టే బోనులు తలకి మించి ఎత్తుకుని వెళ్తుంది. పేర్చిన బోనుల మీద గాలి కొడితే పడవ బోర్లాపడ్డానికి ఎంతో సేపు పట్టదు. అందుకే ముందురోజు సాయంత్రం సరంగులంతా నా కాంటీన్‌లో కూడి, వెళ్ళాలా ఆగాలా అని తేల్చుకుంటారు. ఆ శుక్రవారం వెళ్దామని తేలిపోయింది. అప్పుడొచ్చాడు అవీలా.

"రేపు పదిన్నరకల్లా పడమటి గాలి. డెబ్భై దాకా పోతుంది. వెళ్ళకండి" అన్నాడు.

మా నాన్న నెక్తేర్, అందరికంటే పెద్ద సరంగు, సూప్ గిన్నెలోంచి తలెత్తాడు. "నీకు కావాలి కాబట్టి నీకు కనపడుతోంది అల్లుడూ. ఆకలిగా ఉన్నోడికి వంటింటి వాసనొచ్చినట్టు."

"ఈసారి వేరు మావయ్యా. గాలి చక్రం..."

"ఆ చక్రాన్ని కూడా ఓసారి పడవెక్కించు, అదీ వాంతి చేసుకుంటుందేమో!" అన్నారు వెనకనుంచి ఎవరో.

అందరికంటే గట్టిగా నవ్వింది నేను. అవీలా నా వైపు చూశాడు. వెళ్ళిపోయాడు.

పొద్దున్న అయిదింటికి పడవలు కదిలాయి. మా నాన్న పడవలో సాయానికి లియోంతీన్ వెళ్ళింది. ఏటా వెళ్ళేదే. సముద్రం నూనె పోసినట్టు ఉంది. మొదటి విడత బోనులు దింపి, తొమ్మిదింటికి తిరిగొచ్చి, రెండో విడత ఎత్తుకుని మళ్ళీ వెళ్ళారు. పదీ నలభైకి నా కిటికీ అద్దం గలగల్లాడింది. బయట ఇసుక లేచింది, పడమటినుంచి.

నా కాంటీన్ అలమరలో రేడియో ఉంటుంది. పడవల మాటలన్నీ అందులో వినిపిస్తాయి. తొమ్మిది పడవలు బోనులతో మొగ బయట చిక్కుకున్నాయి. మొగలో అలలు ఇసుకతిన్నె మీద విరుగుతున్నాయి, లోపలికి రావడానికి దారి దొరకట్లేదు. కొందరు బోనులు నీళ్ళలోకి తోసేస్తున్నారు. మా నాన్న గొంతు ఎప్పుడూ వినని రకంగా ఉంది. గట్టు మీద అవీలా తన గంటని ఫిల్ము తీసుకుంటూ ఉంటాడు కదా అనిపించి, దేవుడా, ఆ క్షణాన అతని మీద ఎంత కోపమొచ్చిందో చెప్పలేను.

పదకొండుంబావు దాటాక రేడియోలో అతని గొంతు, చెక్కగదిలోంచి. "మొగకి దగ్గర్లో ముందెవరున్నారు?"

"నేనే. నెక్తేర్‌ని."

"మావయ్యా, ఆగండి. గాలి నా టవర్ దాటిన మూడు నిమిషాలకి మీ దగ్గరికొస్తుంది. చక్రం కాస్త నెమ్మదించగానే చెప్తా. రెండు నిమిషాల సందు దొరుకుతుంది. నేను చెప్పకుండా కదలొద్దు."

ముందురోజు నవ్వినవాళ్ళంతా పడవల్ని ఉన్నచోటే నిలిపారు. అవీలా అంకెలు చదువుతూనే ఉన్నాడు. అరవై ఎనిమిది, డెబ్భై రెండు, అరవై అయిదు, యాభై. "ఇప్పుడు! మూడు నిమిషాలు లెక్కపెట్టుకుని రండి!" మా నాన్న పడవ విరిగిన అలల మధ్యనుంచి దూరి రేవులోకి వచ్చింది. లియోంతీన్ ముందుభాగాన బోనుల తాడు పట్టుకుని ఉంది. తర్వాత ఇంకోటి. ఇంకోటి. తొమ్మిదో పడవ వచ్చేసరికి గంటన్నర పట్టింది. ఆ గంటన్నరా అతను చక్రం మీదనుంచి కళ్ళు తిప్పలేదు. రీళ్ళు మార్చడానికి అతనికి మూడో చెయ్యి లేదు. సాయంత్రానికి గాలి పడిపోయింది.

సోమవారం కంపెనీ ఇంజనీరు నా కాంటీన్‌కి ఫోన్ చేశాడు. అవీలా రిసీవర్ పట్టుకుని అటూ ఇటూ కదులుతున్నాడు, తీగ ఎంతవరకు వస్తే అంతవరకు. సరంగులంతా వింటున్నారు.

"ఏడు రీళ్ళు సార్. నలభై రెండు నిమిషాలు... తెలుసు సార్, చెల్లదు."

మా నాన్న లేచి రిసీవర్ లాక్కున్నాడు. "పది రీళ్ళూ అయ్యాయి సార్! నేను చూశా."

ఇంజనీరు గట్టిగా మాట్లాడే మనిషి, మాకూ వినిపించింది. "మీరు అప్పుడు ఎక్కడున్నారు?"

"మొగ బయట, నా పడవలో."

"అక్కణ్ణుంచి ఎలా చూశారు?"

మా నాన్నకి అబద్ధం చెప్పడం రాదు. అలవాటు లేదు. "మిగతా మూడూ మామీద ఖర్చయ్యాయి సార్" అన్నాడు.

ఏడు ఏడేనని, నెలాఖరుదాకా టైముందని చెప్పి ఇంజనీరు పెట్టేశాడు.

అప్పటినుంచి మా రేవులో ఒక వింత జరిగింది. నలభై ఏళ్ళుగా గాలి పడిపోవాలని మొక్కుకున్న మా నాన్న, పొద్దున్నే లేచి పడమటివైపు చూసి, సముద్రం పలకలా ఉంటే తిట్టడం మొదలెట్టాడు. ఒక్క మా నాన్నేంటి, అందరూ అంతే. వేట నుంచి రాగానే ఇద్దరేసి వంతులవారీగా చెక్కగదికి వెళ్ళి రీళ్ళు ఎక్కించడం నేర్చుకున్నారు. అవీలా చెక్కగదికీ గట్టుకీ మధ్య తిరిగి తిరిగి బూట్లు అరగదీశాడు. ఒకరోజు ఇరవై నిమిషాలు వచ్చింది, పోయింది. ఇంకోరోజు అయిదు రీళ్ళు. నేను బుట్టలో పేస్ట్రీలు పట్టుకెళ్ళి, "ఆ రోజు నవ్వాను, తప్పు నాదే మరిదీ" అన్నాను. "రీలు పెట్టె అందుకో వదినా" అన్నాడు, అంతే. అందుకున్నాను.

మే ఇరవై ఎనిమిదిన తెల్లారేసరికే పడమటి గాలి మొదలైంది. ఒక్క పడవా కదల్లేదు. వేటకి పోయే రోజు పోయిందని ఎవరూ గొణగలేదు. అవీలా కెమెరా దగ్గర, లియోంతీన్ చక్రం దగ్గర. రీళ్ళు అందించింది మా నాన్న. పైన నాలుగు తీగలు ఊగుతుంటే పీతలు చేతులు ముడిచి చాచి ఆ ఊపుని మింగుతున్నాయి. ఎనిమిది. తొమ్మిది. పదో రీలుని మా నాన్న రెండు చేతులతో పట్టుకుని అందించాడు. పది పూర్తయినా అవీలాకి నమ్మకం చాలక పదకొండోది ఎక్కించాడు.

అదీ అయ్యాక మా నాన్న తలుపు తీసి బయటికి చూశాడు. "అయిపోయిందిగా? ఇక తగ్గమను దాన్ని. రేపు బోనులు ఎత్తాలి."

"అది నా మాట వినదు మావయ్యా."

"మేమూ వినలేదులే" అన్నాడు మా నాన్న.