న్యూ ఎక్స్‌టెన్షన్ ఎక్కడ?

మా చెల్లెలు సుగుణ బిడ్డను పదకొండింటికి తొట్లెలో వెయ్యాలి. ఆ పని మేనమామది, అంటే నాది. సుగుణ డేవిడ్‌ను పెళ్లాడిన నాటి నుంచి మా నాయన ఆమె గడప తొక్కలేదు. కాబట్టి పుట్టింటి తరఫున నేనొక్కణ్ణే. నేను ఆలస్యమైతే పుట్టిల్లంతా ఆలస్యమైనట్టే.

ఉదయం ఆరున్నరకు ఖమ్మంలో భద్రాచలం బస్సెక్కాను. ఆ బస్సెక్కేవాళ్లు ముందు సీటుకు ఆశపడొద్దు, పొద్దు నేరుగా మొహం మీదే పడుతుంది. తల్లాడలో ఇడ్లీ చేతికొచ్చింది, చట్నీ వచ్చేలోపు కండక్టరు ఈల వేశాడు.

కొత్తగూడెం దాటాక చెల్లెలి ఉత్తరం తీసి అడిగాను. అందులో 'న్యూ ఎక్స్‌టెన్షన్, పాల్వంచ' అని ఉంది.

"గసుంటిది నా రూట్ల లేదు సార్" అన్నాడు కండక్టరు.

పక్కనున్న ఖాకీ చొక్కా ఆయన నైట్ షిఫ్టు దిగి, కొత్తగూడెంలో పని చూసుకుని ఇంటికి పోతున్నాడు. "డేరాలేమో సార్. కరెంటు ఫ్యాక్టరీ కట్టేటప్పుడు డేరాలేసుకుని ఉన్నం ఆడ" అన్నాడు.

అప్పటిదాకా తోటి మనిషితో కోయలో మాట్లాడుతున్న ముసలామె ఇటు తిరిగింది. "డేరాలు నిన్నగాక మొన్నటియి. అది ఇప్పలగడ్డ. పూలేరుకునేటోళ్లం. చెట్లు పోయినయ్, పేరుంది."

"ఎవలింటికి సార్?" అనడిగాడు ఖాకీ చొక్కా. "తెలిసినవాళ్లింటికి" అని కిటికీలోంచి బయటికి చూశాను. బస్సులో ఖమ్మం వాళ్లు కూడా ఉన్నారు మరి.

తొమ్మిదిన్నరకు పాల్వంచలో దిగి, టీ తాగి, నడక మొదలుపెట్టాను. డేరాలుండేవన్న చోట మేడలున్నాయి. కిరాణా కొట్టాయన నన్ను జాలిగా చూశాడు. "డేరాలెక్కడివండీ ఇప్పుడు? మేం కృష్ణా జిల్లా నుంచొచ్చి కొట్లు పెట్టాక ఇది కృష్ణా బజారైపోయిందండీ. చర్చి వీధిలో అడగండి."

చర్చి ముందు ఊడుస్తున్నామె చీపురుతో దారి చూపింది. "అవ్, చర్చి వీధి ఇదే. కొత్తది అంటే ఇప్పలగడ్డ దిక్కేమో, గా మలుపు తిరుగుండ్రి."

తిరిగాను. మళ్లీ కిరాణా కొట్టే!

"మళ్లీ వచ్చారేంటండీ?" అన్నాడాయన. మూడోసారి వచ్చేసరికి స్టూలు జరిపి కూర్చోమన్నాడు. నాకు ఒళ్లు మండింది. ఆ పక్కనే పందిరి వేసిన ఇంట్లోంచి ఒకామె గరిటెతో బయటికొచ్చింది.

"ఓ సార్! పొద్దటి సంది గిట్ల చక్కర్లు కొడుతున్నవేంది? ఎవలు గావాలె?"

ఇక తప్పలేదు. "డేవిడ్" అన్నాను, మెల్లగా.

"గిదే ఇల్లు!"

గడియారం పదకొండు ఇరవై చూపిస్తోంది. లోపల బిడ్డ అప్పటికే తొట్లెలో ఉంది. ఊపుతున్నది బస్సులోని ఖాకీ చొక్కా! డేవిడ్ పక్కింటాయనట.

"డేవిడ్ అని ఒక్క మాట చెప్పరాదా సార్? నేనే తోల్కొస్తుంటి గద!" అన్నాడు.

సుగుణ నావైపు చూసింది. ఆ పేరు ఎందుకు చెప్పలేదో ఆమెకు తెలుసు. సిగ్గుతో తల దించుకున్నాను.

"బిడ్డను తియ్యిండ్రి. మా అన్న మళ్లీ ఏస్తడు" అంది.

పాస్టరుగారు ప్రార్థన మళ్లీ మొదటి నుంచి చేశారు. కొట్టాయన భార్య ఇంకో పాట పాడింది. బిడ్డ ఈసారి గట్టిగా ఏడ్చింది. పేరు గ్రేస్ బుచ్చమ్మ.

భోజనం చేసి మూడింటి బస్సెక్కాను. చెట్లు, డేరాలు, కొట్లు, చర్చి ఒకదాని వెనక ఒకటి వచ్చిన ఆ బజారుకు, కాగితం మీది పేరు తప్ప అన్ని పేర్లూ ఉన్నాయి. అక్కడికి పోయేవాళ్లు మనిషి పేరు చెప్పి అడగండి.

ఖమ్మం బస్టాండులో నాయన నిలబడి ఉన్నాడు. పేపరు కోసం వచ్చానన్నాడు, చేతిలో పేపరు లేదు.

"ఏం పేరు పెట్టిండ్రు?"

"గ్రేస్ బుచ్చమ్మ."

బుచ్చమ్మ ఆయన తల్లి.

"పొద్దుగాల బస్సు ఎన్నింటికి?"

"ఆరున్నరకు."

"దిగినంక ఏమని అడగాలె?"

"డేవిడ్ ఇల్లని అడుగు నాయనా" అన్నాను, బస్టాండంతా వినబడేటట్టు.