కేతేపల్లి నుంచి గిటారు పాట కోరినవారు

మా దశరథకు ఒకే ఒక్క జబ్బు. ఊళ్లోవాళ్ల పేర్లు వాళ్లకు చెప్పకుండా రేడియోకు రాసి, వాళ్ల తరఫున గిటారు పాటలు అడిగేవాడు. తాగుడు లేదు, పేకాట లేదు, ఎవరినీ పల్లెత్తు మాట అనడు. అయినా ఈ ఒక్క జబ్బుతోనే కేతేపల్లిలో సగం మంది చేత తిట్లు తిన్నాడు.

అది అరవై నాలుగో సంవత్సరం. నేను ఆ ఊళ్లో పొద్దున బడిపంతులును, మధ్యాహ్నం పోస్టుమాస్టరును. పోస్టాఫీసంటే మా వసారాలో ఒక బల్ల, ఒక ముద్ర, తాళం సరిగ్గా పడని ఒక పెట్టె. దశరథ వారానికోసారి వచ్చి గుప్పెడు కార్డులు కొనుక్కుపోయేవాడు. రాసినవాటిని నక్రేకల్ పోయినప్పుడు అక్కడి డబ్బాలో వేసేవాడు గనుక నా కంట పడేవి కావు. మగ్గం నేసుకునే మనిషికి ఇంతమంది చుట్టాలెక్కడివా అని నేను ఆశ్చర్యపోయేవాణ్ని.

అతను బొంబాయి మిల్లులో నాలుగేళ్లు పనిచేసి తిరిగొచ్చాడు. బొంబాయి నుంచి వచ్చేవాళ్లందరూ ట్రంకుపెట్టెలూ చీరలూ తెస్తే ఇతను ఒక ట్రాన్సిస్టరు తెచ్చాడు. దానికి తన మగ్గం మీదే బట్ట నేసి చొక్కా కుట్టాడు. తన ఒంటిమీది చొక్కాకు ఎప్పుడూ గుండీలుండేవి కావు గానీ, ట్రాన్సిస్టరు చొక్కాకు రెండువైపులా ఉండేవి. ఇంత చేసీ అతను గిటారును బొమ్మలో తప్ప చూసి ఎరగడు.

ఆదివారం పగలు పదకొండు గంటలకు మన సర్కారుది కాని ఏదో దూరపు స్టేషన్‌లో పావుగంట గిటారు వచ్చేది. ఆ స్టేషన్ పేరు చెప్పను, నేను సర్కారు మనిషిని. కరెంటు గిటార్లు, వెనక డ్రమ్ము, అంతే. పాడేవాళ్లు ఉండరు. పాట కోరినవాళ్ల పేర్లు ముందు చదివి తర్వాత వాయిద్యం వేసేవారు. ఉత్తరాలు చాలినన్ని రాకపోతే ఆ పావుగంటా సినిమా పాటలకు ఇచ్చేస్తామని ప్రతి నెలా ఒకసారి బెదిరించేవారు. దశరథకు ఉన్న ఫికరంతా అదే. ఎలాగైనా ఊరికి గిటారు రుచి చూపించాలని, ఆదివారం దారిన పోయేవాళ్లను పిలిచి తన మగ్గం ముందు కూర్చోబెట్టేవాడు.

మొదట చిక్కినవాడు గొర్రెల బీరప్ప. పది నిమిషాలు ఓపిగ్గా కూర్చుని అడిగాడు.

"ఇంకా షురూ గాలేదా?"

"అయింది. అయిపోవస్తాంది."

"మరి పాడేటాయన ఏడి?"

"ఉండడు బీరప్పా. గిది ఒట్టి తీగలదే."

బీరప్ప చాలా జాలిపడ్డాడు. "పాపం వాయించెటోళ్లు ఎంతసేపని ఎదురుచూస్తరు. ఎవరన్న ఆయనింటికి పోయి పిల్సుకరారాదు?"

"మాటలుంటే మాటలే వింటవు. మాటల్లేకపోతేనే పాట వింటవు," అన్నాడు దశరథ. బీరప్ప లేచి గొర్రెల దగ్గరికి పోయాడు.

తర్వాతి ఆదివారం రేడియోలో అనౌన్సరు గొంతు సవరించుకుని, "కేతేపల్లి సే బీరప్ప, గుర్వమ్మ, ఆండాళు, ఔర్ ఉన్‌కే తమామ్ దోస్త్," అని హిందీలో చదివాడు. ఆ మధ్యాహ్నానికల్లా బీరప్ప ఉన్న గొర్రెలన్నీ తోలుకుని మూసీ అవతలికి వెళ్లిపోయాడు. నాలుగో రోజున నేనే మనిషిని పంపి పిలిపించాను.

"ఎందుకు పారిపోయినవ్?"

"పేరు పెట్టి పిల్సేది సర్కారు కచేరిలనే గద పంతులూ. ఇయ్యాల పేరు పిల్సిండ్రు. రేపు గొర్లెన్ని అంటరు. ఎల్లుండి మేతకు పుల్లరి పెంచుతరు."

"గొర్ల సంగతి కాదు. నువ్వు గిటారు పాట అడిగినవని చదివిండ్రు."

"నేను అడగలే," అన్నాడు బీరప్ప, తల మీద చెయ్యి పెట్టుకుని. "కావాల్నంటే పోశమ్మ గుడి కాడ ప్రమాణం జేస్త."

గుర్వమ్మ అవ్వ సంగతి ఇంకా అన్యాయం. డెబ్బై ఏళ్ల మనిషి, ఎవరో చెప్పగా విని రెండు రోజులు గడప దాటలేదు. మూడో రోజు కర్ర పట్టుకుని పోస్టాఫీసుకు వచ్చింది.

"నా పేరు రేడియోల వచ్చిందట బిడ్డా. ఏం తప్పు జేసిన?"

"ఏం చేయలేదవ్వా. గిటారు పాట కావాలెనన్నవట."

"నేనా? నేను పక్కింటోళ్లను ఉప్పు గూడ అడగను."

ఇలా ఒక్కొక్కరే వచ్చి మొరపెట్టుకుంటుంటే ఓదార్చి పంపేవాణ్ని. లోపల మాత్రం నాకు వేరే బాధ ఉండేది. ఊరి మొత్తానికి నాలుగక్షరాలు వచ్చినవాణ్ని నేను. ఎవరెవరి పేర్లో అంత దూరం పోయి వస్తున్నాయి గానీ నా పేరు ఒక్కసారీ రాలేదు. నాకు గిటారంటే ఇష్టం లేదు, అది వేరే సంగతి.

మూడో ఆదివారం తర్వాత ఆండాళు వచ్చింది. ఆమె మొగుడు ఐలేశం రెండేళ్ల కింద బొంబాయి మిల్లుకు వెళ్లాడు. ఆరు నెలలు ఉత్తరాలు రాశాడు, ఆ తర్వాత జాడ లేదు. ఆమె చెప్పగా నేను రాసిన కార్డులు మూడూ, ఆ చిరునామాలో మనిషి లేడని తిరిగొచ్చాయి. ముద్ర వేసి మళ్లీ ఆమె చేతిలో పెట్టిందీ నేనే. ఇద్దరు పిల్లలను పెట్టుకుని ఆండాళు ఒక్కతే మగ్గం నేస్తోంది.

"మొగుడు ఊళ్లె లేనిదాని పేరు గిట్ల రేడియోల పిల్పిస్తే నలుగురు ఏమనుకుంటరు సార్? జర దశరథన్నకు చెప్పుండ్రి."

నాకు కోపం నషాళానికి అంటింది. దశరథను పిలిపించి ఆజ్ఞ జారీ చేశాను. ఇక మీదట అతనికి వారానికి ఒక్కటే కార్డు, దాని మీద అతని పేరు ఒక్కటే.

"ఒక్క కార్డుతోని ప్రోగ్రాం బతకది సార్."

"చావనీ."

"పోనీ ఒక్క ఆండాళు పేరన్న రాయనీయుండ్రి."

"ఆమె పేరే ఎందుకు?" అన్నాను గట్టిగా. దశరథ తల దించుకుని వెళ్లిపోయాడు. నాకు అనుమానం కూడా వచ్చింది. ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది.

మనిషి మాట మీద నిలబడ్డాడు. ఒక్క కార్డే కొనేవాడు, తన పేరే రాసేవాడు. మిగతా కేతేపల్లి పేర్లు ఆగిపోయాయి. రెండు వారాలకు అనౌన్సరు చెప్పనే చెప్పాడు: ఉత్తరాలు బాగా తగ్గిపోయాయి, ఈ నెలాఖరులోగా రాకపోతే గిటారుకు సెలవు. అది విన్న రోజున దశరథ ట్రాన్సిస్టరు చొక్కాకు గుండీలు పెట్టేసి మగ్గంలో కూర్చున్నాడు. తెల్లపంచెకు వేయవలసిన అంచు దుప్పటికి వేశాడు. పలకరిస్తే, "మంచిగనే ఉన్న సార్," అనేవాడు. నాకు లోపల గుచ్చుకుంటూనే ఉంది గానీ, పోస్టుమాస్టరు ఆజ్ఞ వెనక్కు తీసుకోవడం అంత సులువు కాదు.

నెలాఖరు ఇంకా పన్నెండు రోజులుందనగా టపా సంచిలో ఆండాళుకు ఒక కార్డు వచ్చింది. బొంబాయి ముద్ర. కబురు పంపితే పిల్లను చంకనేసుకుని పరుగెత్తుకొచ్చింది. నేను చదివాను.

"ఆండాళుకు ఐలేశం రాయునది. నేను ఈడ మంచిగున్న. నువ్వు ఆడ మస్తు మంచిగున్నట్టు తెలిసింది. ఎట్ల తెలిసిందంటే, ఇరానీ హోటల్ల నలభై మంది ముంగట నీ పేరు మూడు ఐతారాలు చదివిండ్రు. గిటారు పాట కావాలెనట. ఇంట్ల బియ్యమున్నయో లేవో తెల్వక నేను పరేషాన్ అయితుంటే నీకు గిటారు గావాలెనా? మన ఇంటావంటా ఎవరన్న గిటారు విన్నరా? మిల్లు మూసిండ్రు, వేరే మిల్లుల చేరిన, రూము మారిన. పైసలు పంపలేక మొఖం చెల్లక రాయలే. గది నా తప్పే. కానీ గిటారు సంగతి ఏందో ఎంటనే జవాబు రాయి. అడ్రసు కింద ఉన్నది. పాట మాత్రం మంచిగుంది."

ఆండాళు చంకలోని పిల్లను కిందికి దింపింది. తర్వాత మెల్లగా అంది. "గా తిట్టిన కాడికెల్లి మల్ల చదువుండ్రి సార్."

చదివాను. ఇంకోసారి అంది. నాలుగుసార్లు చదివించుకుంది. 'గిటారు గావాలెనా' అన్న చోటికి వచ్చినప్పుడల్లా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. రెండేళ్లలో ఆమె నవ్వడం నేను చూసింది అదే. నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను.

కార్డు సంగతి చెప్పి, కోప్పడినందుకు ఒక మంచి మాట అందామని దశరథ ఇంటికి వెళ్లాను. తీరా వెళ్లాక నా నోట్లోంచి వేరే మాట వచ్చింది.

"ఊరోళ్ల పేర్లన్ని రాసినవ్. నా పేరెందుకు రాయలే?"

దశరథ మగ్గం ఆపి నా వైపు చూశాడు. "మీకు బొంబాయిల ఎవరున్నరు సార్?"

అప్పుడు వెలిగింది. గుర్వమ్మ కొడుకు బొంబాయిలో ఉన్నాడు. బీరప్ప తమ్ముడు బొంబాయిలో ఉన్నాడు. దశరథ రాసిన పేర్లన్నీ అలాంటి ఇళ్లవే. ఆ ఇళ్ల ఉత్తరాల మీద ఏళ్ల తరబడి ముద్రలు కొట్టినవాణ్ని నేను, నాకు తట్టలేదు.

"మా మిల్లు సందు మూలకు ఇరానీ హోటలున్నది సార్. హోటలాయనకు గిటారంటే పానం. ఐతారం పదకొండు కొట్టంగనే రేడియో పెద్దగ పెడ్తడు, ఒక్కరు మాట్లాడొద్దు. మన దిక్కోళ్లంత ఆడనే కూసుంటరు. మిల్లు మారుతరు, రూము మారుతరు, చాయ్ తాగే జాగా మారరు. ఇంటోళ్ల పేరు ఇనబడితే అందరు మంచిగున్నరని ఎరుకయితది గద."

"గీ ముక్క వాళ్లకు చెప్పొచ్చు గద?"

"చెప్తే ప్రతి ఐతారం ఆశ పెట్టుకుంటరు. అటు మనిషి ఇనకపోతే? దానికంటె నన్ను తిట్టుకునుడే నయం."

"అయితే నీకు గిటారు పిచ్చి లేనే లేదన్నమాట."

దశరథ నొచ్చుకున్నాడు. "గదేం మాట సార్. ముందు గిటారు కోసమే రాసిన. అబద్ధమెందుకు?"

ఆండాళు కార్డు సంగతీ, నా నోటి నుంచి ఇరానీ హోటలు సంగతీ ఆ రాత్రికే ఊరంతా పాకాయి. మర్నాడు జనం పోస్టాఫీసు ముందు వరుస కట్టారు. కార్డుల కట్ట ఒక పూటలో అయిపోయింది. నక్రేకల్‌కు మనిషిని పంపి తెప్పించాను. ఇంతకాలం వద్దన్న పనికి నేనే కలం పట్టుకుని కూర్చున్నాను. గుర్వమ్మ అవ్వ వేలిముద్ర వేస్తూ, దీన్ని రేడియోలో ఎట్లా చదువుతారని అడిగింది. బీరప్పకు ఇంకో చిక్కు వచ్చింది.

"గొర్లు మంచిగున్నయని గూడ రాయుండ్రి పంతులూ."

"గొర్ల సంగతి చదవరు బీరప్పా. పేరే చదువుతరు."

"అయితే మా పొట్టేలు పేరు మీద ఒక కార్డు రాయుండ్రి. మా తమ్మునికి గది ఎరుకే."

నెలాఖరు ఆదివారం మగ్గం ముందు కూర్చోవడానికి జాగా చాలలేదు. అనౌన్సరు కేతేపల్లి పేర్లు చదవడానికే రెండు నిమిషాలు తీసుకున్నాడు, పొట్టేలు పేరుతో సహా. గిటారు పావుగంట వచ్చే నెల కూడా ఉంటుందన్నాడు. పేర్లు అయిపోగానే లేచిపోతారనుకున్నాను గానీ ఒక్కరూ కదల్లేదు. పాట వస్తున్నంతసేపూ బీరప్ప కూడా పాడేవాడి గురించి అడగలేదు.

ఆ వరుస కట్టిన రోజు చిట్టచివర నిలబడింది ఆండాళు. రెండు కార్డులు కావాలంది. ఒకటి మొగుడికి జవాబు, ఇంకోటి పాటకు.

"ముందు ఏది రాయాలె?" అన్నాను.

"పాటదే రాయుండ్రి సార్. మీ ఉత్తరమైతే మల్ల తిరిగొచ్చినా రావచ్చు."

పోస్టుమాస్టరు మొహం మీద అనవలసిన మాట కాదు. అయినా నేను పాట కార్డే ముందు రాశాను.