రాజలక్ష్మి అడిగిన తూము

నా భార్య రాజలక్ష్మి ఒక దఫా మా వార్డు మెంబరుగా పనిచేసింది. ఆ కాలంలో ఆమె చేసిన పనుల్లో ఒక రోడ్డు ఉంది. దాని మీద ఆమె పేరు ఎక్కడా లేదు. ఆమె పోయాక ఇంటికి వచ్చినవాళ్లు ఆమె చేతి వంట గురించి చెప్పారు, ఎవరింట్లో కాన్పయినా ముందుగా వెళ్లేదని చెప్పారు. రోడ్డు మాట ఎవరూ ఎత్తలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

బళ్లారి బ్రూస్‌పేటలో మాది ముందు అంగడి, వెనక ఇల్లు. అంగడిలో పప్పులూ బెల్లం అమ్మేవాళ్లం. నేను కాలేజీలో తెలుగు చెప్పేవాణ్ణి కాబట్టి పగలంతా అంగడి చూసుకునేది రాజలక్ష్మే. ఆమె పుట్టిల్లు పక్క వీధిలోనే. మా వార్డు ఆడవాళ్లకు కేటాయించారని తెలిసినప్పుడు వీధి పెద్దలు వచ్చి మా అరుగు మీద కూర్చున్నారు. కొళాయి దగ్గర తగువులొస్తే ఆమె మాటకే అందరూ తగ్గుతారు గనక ఆమే నిలబడాలన్నారు. ఆమె నవ్వి, తూకం రాయి కింద పెట్టి, "సరే, బెల్లం ఎవరమ్ముతారు మరి?" అంది. అట్లా మెంబరు అయింది.

అప్పట్లో మెంబర్లయిన ఆడవాళ్ల వెంట వాళ్ల భర్తలు కూడా మీటింగులకు పోయేవాళ్లు. నేనూ చొక్కా వేసుకుంటూ ఉంటే ఆమె గుమ్మంలో అడ్డం నిలబడింది.

"మీరొస్తే నన్ను లెక్చరరు గారి భార్య అంటారు. మీరు రాకుంటే మెంబరంటారు. ఏది కావాలో మీరే చెప్పండి."

నేను చొక్కా విప్పి వంకీకి తగిలించాను. కాబట్టి ఇందులో మీటింగుల సంగతి వచ్చినచోటల్లా, అది ఆమె ఇంటికొచ్చి ఒక్కొక్కరి గొంతూ పట్టి నాకు వినిపించిందే.

ఇనుప రాయికి గిరాకీ ఆకాశానికి ఎక్కిన రోజులవి. సండూరు వైపు కొండల నుంచి రాయి నింపుకున్న లారీలు గూడ్సు షెడ్డుకు పోవడానికి మా వీధిని అడ్డదారిగా పట్టుకున్నాయి. గోడలు నడుము ఎత్తున ఎర్రబడ్డాయి. వేసిన ముగ్గు ఆరేలోపే ఎర్రదుమ్ము పడేది. మా వైపు ఇళ్లలో కిటికీలకు మేకులు కొట్టేశారు. వీధి మూలన ఉగ్గాణి, బజ్జీలు అమ్మే హొన్నూరమ్మ తోపుడుబండి కొసను ఒకసారి లారీ వెనక చక్రం గీసుకుని పోయింది. ఆమె ఒక అడుగు పక్కగా నిలబడి ఉండబట్టి బతికింది. అప్పటి నుంచి రాజలక్ష్మి కనిపిస్తే చాలు పలకరించేది.

"మెంబరమ్మా, ఓటేస్తిమి. ఈ లారీలు మా మీద ఎక్కి పొయ్యేకంటే ముందు ఈ వీధి ఇడిసి పోతాయా, పోవా?"

"పోతాయి లే హొన్నూరమ్మా."

"యాడికి?"

అదే ప్రశ్న. ఊరి బయట లారీల కోసమే ఒక రోడ్డు మొదలుపెట్టారు. రూపనగుడి దారిలో పంపన్న అనే రైతు పొలం గట్టు దాకా వచ్చి అది ఆగిపోయింది. ఆ పొలం మీదుగా పొడిగిస్తే లారీలు ఊళ్లోకి రాకుండానే గూడ్సు షెడ్డు చేరతాయి. కాని పంపన్న కోర్టుకు పోయి స్టే తెచ్చుకున్నాడు. కౌన్సిల్ తరఫున కేసులు చూసే వకీలు వెంకటకృష్ణయ్యగారు వాయిదా వెంట వాయిదాకు తిరుగుతున్నారు. చివరికి విసిగిపోయి కౌన్సిల్ రెండు విషయాలు ఒకేసారి చర్చకు పెట్టింది. రోడ్డు పొడిగించాలా, మానుకోవాలా అన్నది మొదటిది. వెంకటకృష్ణయ్యగారిని తప్పించి, కోర్టు పనులన్నీ బెంగళూరు వకీళ్లకు అప్పజెప్పాలా అన్నది రెండోది. రోడ్డు మానుకుంటే లారీలు ఇక ఎప్పటికీ మా వీధివే.

చర్చకు ముందు కొందరు మెంబర్లు, ఒక అధికారి వచ్చి మా వీధి పరిస్థితి కళ్లారా చూడాలని నిర్ణయమైంది. ఏ రోజు రావాలో చెప్పమని రాజలక్ష్మిని అడిగారు. ఆమె గోడకున్న క్యాలెండరు చూసి అమావాస్య అని చెప్పింది. మా వాళ్లు అమావాస్య నాడు అంగళ్లు తెరవరు. మిగతా రోజుల్లో బేరాలు వదిలి ఎవరూ బయటికి రారు, ఆ రోజయితే మగవాళ్లంతా అరుగుల మీదే ఉంటారు, అడిగినదానికి జవాబు చెబుతారు. వీధంతా మెచ్చుకుంది. ఎవరికీ ఇంకోటి తోచలేదు.

అమావాస్య పొద్దున వీధి వీధంతా స్నానాలు చేసి, ఉతికిన బట్టలు కట్టుకుని అరుగుల మీద కూర్చుంది. అధికారి జీపు వచ్చింది. వెనకే మెంబర్లు దిగారు. వాళ్లలో యల్లప్ప అనే ఆయనకు సొంత లారీలున్నాయి. బయటి రోడ్డు చుట్టుదారి, డీజిలు దండగని మొదటి నుంచీ అడ్డం చెప్పేవాడు. అందరూ మా అంగడి ముందు నిలబడి అటు చూశారు, ఇటు చూశారు. వీధి ఊడ్చినట్టు ఖాళీగా ఉంది. ఒక ఆవు నడి రోడ్డున పడుకుని నెమరు వేస్తోంది.

"ఏం రాజలక్ష్మమ్మా, యాడమ్మా నీ లారీలు?" అన్నాడు యల్లప్ప. "ఈడ చాప పరుచుకుంటే సాయంత్రం దాకా నిద్ర పోవచ్చు గదా."

హొన్నూరమ్మ ఊరుకోలేదు. "పెండ్లి నాడొచ్చి చూస్తే ఏ పిల్లయినా అందంగానే ఉంటాది సామీ. దినాం వచ్చి సూడు."

అందరూ నవ్వారు. రాజలక్ష్మి మాత్రం నవ్వలేదు. ఆమె చూపు వీధి చివర దాకా పోయి ఆగింది. అక్కడ ఒక మెకానిక్ షెడ్డు ముందు రెండు లారీలు కడిగి నిలబెట్టి ఉన్నాయి. ముందు అద్దానికి బంతిపూల దండ, బంపరుకు నిమ్మకాయలు, చక్రాల కింద పగలగొట్టిన గుమ్మడికాయలు. అమావాస్యకు పూజ చేసి, ఆ రోజు లారీ కదిలించరు. పుట్టినప్పటి నుంచీ ఆమె చూస్తున్నదే, వీధిలో ప్రతి ఒక్కరూ చూస్తున్నదే.

అధికారి ఫైలులో వాహనాల రద్దీ లేదని రాసుకుని, హొన్నూరమ్మ దగ్గర ఉగ్గాణి తిని, బాగుందని చెప్పి వెళ్లిపోయాడు.

రాజలక్ష్మి లోపలికి వచ్చి బియ్యం బస్తా మీద కూర్చుంది. "మన అంగళ్లు మూసేది గుర్తుంది, వాళ్లు బండ్లు నిలిపేది గుర్తు లేదు చూడండి" అంది. "ఇంత మంది ఉంటిరి, ఒక్కరన్నా చెప్పకపోతిరి." కాసేపటికి ఆమెకే నవ్వొచ్చింది. నవ్వుతూనే కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఆ సాయంత్రం ఆమె హొన్నూరమ్మ బండి వైపు పోలేదు.

మీటింగులో ఆ ఫైలు చదివారట. రద్దీ లేని వీధి కోసం, కోర్టులో ఇరుక్కున్న రోడ్డు పొడిగించడం ఎందుకని ఒకాయన అన్నాడు. మేయరు రాజలక్ష్మిని చెప్పమన్నారు. ఆమె లేచి నిలబడింది.

"తప్పు నాదే సార్. అమావాస్య గదా, అంగళ్లోళ్లు ఇంట్లో ఉంటారని నేనే ఆ దినం పెట్టిస్తి. లారీలోళ్లకు గూడ అమావాస్యేనని నాకు తోచలేదు."

హాలంతా నవ్వింది. ఆ నవ్వులో యల్లప్ప ఆగలేకపోయాడు.

"నాకు తోచింది లేమ్మా. పొద్దున్నే నా బండ్లన్నిటికీ గుమ్మడికాయలు కొట్టి, ఆ కుంకం చేతుల్తోనే నీ వీధికొస్తి. నీ మొగం చూసి, చెప్తామా వద్దా అనుకుంటి. హౌదు, నిజమే, నవ్వు ఆపుకునేకి శానా కష్టమాయె."

మేయరు కూడా నవ్వి, ఆ నవ్వుతోనే అడిగారట. "మరి మిగతా దినాలు ఆ బండ్లు యాడ తిరుగుతాండాయి యల్లప్పా?"

వెనక నుంచి ఎవరో "చెప్పప్పా, ఏంది మాట్లాడక సుమ్మనె కూచ్చుంటివి?" అన్నారు. యల్లప్ప జేబురుమాలు తీసి మొహం తుడుచుకున్నాడు. ఇంటికొచ్చాక రాజలక్ష్మి ఆ మొహం తుడుచుకోవడం రెండుసార్లు చేసి చూపించింది.

రోడ్డు ఉండాలనే మాట అట్లా నిలబడింది. ఇక కోర్టు. బెంగళూరు వకీళ్లయితే స్టే ఇట్టే ఎత్తేయిస్తారని చాలామంది అన్నారు. అప్పుడు రాజలక్ష్మి, పంపన్నకు కావలసిందేమిటో ఎవరైనా పోయి అడిగారా అంది. ఎవరూ పోలేదు. మూలన కూర్చున్న వెంకటకృష్ణయ్యగారు మెల్లగా చెప్పారు.

"ఎదుటి కక్షిదారుతో నేను నేరుగా మాట్లాడకూడదమ్మా. ఆయన వకీలు ఒప్పుకోవాలి."

"మీరు ఒప్పించండి సార్. మాట్లాడేది నేను. నేను వకీలు గాదు గదా, బెల్లం అమ్మేదాన్ని."

వచ్చే మీటింగు దాకా గడువిచ్చారు. ఆలోగా పంపన్న ఒప్పుకోకపోతే కేసు బెంగళూరుకు పోతుంది. అది తెమిలేసరికి ఎన్నేళ్లు పడుతుందో ఎవరూ చెప్పలేరు.

పంపన్న వకీలు అడ్డు చెప్పలేదు. ఒక ఆదివారం రాజలక్ష్మి, వెంకటకృష్ణయ్యగారు, నేను ముగ్గురం ఆటోలో పొలానికి పోయాం. పంపన్న యాభై దాటిన మనిషి. మమ్మల్ని వేపచెట్టు కింద మంచం మీద కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చాడు గాని వెంకటకృష్ణయ్యగారి వైపు చూడలేదు. రాజలక్ష్మి రోడ్డు మాటే ఎత్తకుండా, మిరప ఈ ఏడు ఎట్లా ఉందని అడిగింది. ఆయన మజ్జిగ చెంబు కింద పెట్టి అన్నాడు.

"మీ నోటీసులో ఈ నేలను బీడు అని రాసినారు. తెల్సునామ్మా నీకు?"

ఆమెకు తెలియదు. వెంకటకృష్ణయ్యగారు తల దించుకున్నారు. ఆయన దగ్గర పనిచేసి మానేసిన కుర్ర వకీలెవరో పొలం చూడకుండా రాసిన మాట అది.

"మా నాయిన తవ్విన బావి ఉండాది ఈడ. ఎండాకాలం గూడ నీళ్లుంటాయి. బీడంట. ఆ కాగితం మా ఇంట్లో చదివి వినిపిస్తే మా అమ్మ ఆ పూట అన్నం తినలేదు."

"బావి చూపించన్నా" అంది రాజలక్ష్మి.

చెప్పులు విప్పి, చీర కుచ్చిళ్లు కొంచెం ఎత్తి పట్టుకుని కాలవ వెంట ఆయన వెనకే నడిచింది. బావి ఎగువన ఉంది. మిరప తోట దిగువన. రోడ్డుకు పాతిన రాళ్లు సరిగ్గా ఆ రెంటి నడుమ. ఆమె కాలవలో నిలబడి పైకి ఒకసారి, కిందికి ఒకసారి చూసింది.

"రోడ్డు వేసుకోండమ్మా. ఆ లారీలు మీ పేటలో తిరిగితే నాకేం సంతోషమా?" అన్నాడు పంపన్న. "ఈడ కట్ట పోస్తే నా నీళ్లు ఆ పక్కకి ఎట్ల పోతాయి? ఎగిరి పోతాయా?"

"కింద పోతే?"

"ఏంది కింద?"

"రోడ్డు కింద తూము పెట్టిస్తే? మా అమ్మవాళ్ల పెరట్లో గోడ కింద కన్నం ఉంటుంది, స్నానాల నీళ్లు అరటిచెట్టుకు పోయేకి."

పంపన్న మొదటిసారి నవ్వాడు. "స్నానాల నీళ్లు గాదు తల్లీ ఇవి. మనిషి వంగి దూరేంత తూము ఉండాల. పూడిక పడితే తియ్యాల గదా."

"మనిషంతే పెట్టిస్తాం."

"నువ్వు చెప్తాండావు. పెట్టేది వాళ్లు."

"పెట్టకపోతే స్టే నీ చేతిలోనే ఉంది గదన్నా. తూము కాగితం మీదికి ఎక్కినాకనే ఎత్తెయ్యి."

ఆయన గట్టెక్కి, మా వెనకే వచ్చిన వెంకటకృష్ణయ్యగారి వైపు తిరిగాడు. "ముందు ఆ బీడు అనే మాట కొట్టెయ్యి సామీ. ఆమీద తూము."

"జడ్జిగారి ముందరే కొట్టేస్తానప్పా" అన్నారు ఆయన. చివరికి అట్లాగే చేశారు.

తర్వాతి మీటింగులో తూము ఖర్చు గురించి గొడవయింది. ఇంజనీరు చిన్న పైపు చాలన్నాడు. రాజలక్ష్మి, మనిషి దూరాలని అన్నమాట అంటూనే ఉందట. చివరికి ఆమెకు మద్దతుగా చెయ్యెత్తింది యల్లప్ప. "డీజిలు పోతే పోయింది. ఎదురుపడితే చాలు, నీ లారీలు ఈ పొద్దు యాడుండాయన్నా అని అడుగుతాండాది ఈయమ్మ. నేను తట్టుకోలేను." రాజీ పత్రం కోర్టుకు పోయింది. వెంకటకృష్ణయ్యగారు ఉద్యోగంలోనే ఉన్నారు.

రోడ్డు పూర్తయ్యేసరికి రాజలక్ష్మి పదవీకాలం ముగిసింది. ప్రారంభోత్సవానికి పిలుపు రాలేదు, ఆమె అడగనూ లేదు. లారీలు ఒక్కరోజులో ఏమీ పోలేదు. ఒక్కొక్కటే తగ్గి, ఒక వారం అసలు కనబడలేదు. మా వీధి ఇళ్లలో కిటికీల మేకులు ఊడబీకడానికి వడ్రంగిని పిలవాల్సి వచ్చింది. కొన్ని చెక్కలు ఉబ్బి ఎంతకీ తెరుచుకోలేదు.

ఆ ఏడు మిరప నాటాక పంపన్న కబురు పెట్టాడు, తూములో నీళ్లు వదిలామని. ఇద్దరం పోయాం. రోడ్డు కట్ట మా తలల పైన ఎత్తుగా ఉంది. కింద తూము నోట్లోంచి నీళ్లు చీలమండ లోతున, చప్పుడు లేకుండా వస్తున్నాయి. ఆమె చెప్పులు నా చేతికిచ్చి, కొంగు నడుముకు దోపి, వంగి లోపలికి నడిచింది.

"బయటికి రామ్మా, తేళ్లుంటాయి" అని పంపన్న అటు వైపు నుంచి కేకేశాడు.

ఆమె మధ్యలో ఆగింది. పైన దూరం నుంచి ఒక లారీ వస్తున్న చప్పుడు వినిపించింది. ఆమె చెయ్యెత్తి అరచెయ్యి పైకప్పుకు ఆనించింది. లారీ వచ్చింది, ఆమె నెత్తి మీదుగా పోయింది. ఇన్నేళ్లు మా ఇంట్లో గిన్నెల్ని వణికించిన ఆ బరువు ఆమె అరచేతిలోకి ఎట్లా వచ్చిందో నాకు తెలియదు. ఆమె మొహం మాత్రం కనిపిస్తోంది. నిద్రపోతున్న పిల్లవాడి గుండె మీద చెయ్యి పెట్టిన వాళ్ల మొహంలా ఉంది.

"పోయింది గదా, రా ఇంక" అన్నాను.

"ఉండండి" అంది. "ఇంకొకటి వస్తాంది."

చెప్పులు పట్టుకుని నీళ్లలో నిలబడ్డాను.