దొడ్డిదారిన పాయింటు మీదికి

ఎదురుగా నిలబడి తుపాకీ కాల్చడం నాకు చేతకాదు. అది నా తప్పు కాదు, మా సముద్రం తప్పు. ఈ దీవుల్లో బాంబూఫ్లాట్‌లో కూర్చుని నేను బటన్ నొక్కితే ఆ దెబ్బ నీళ్ల కింద కేబుల్లో పడి చెన్నై దాకా వెళ్లాలి, అక్కణ్ణించి ఆట నడిచే చోటికి చేరాలి. ఈలోగా అవతలివాడు నన్ను చంపేసి, టీ తాగేసి, తన దారిన తాను పోయుంటాడు. ఇదేమీ ఫిర్యాదు కాదులెండి. ఆ కేబుల్ రాకముందు మాకు ఒక ఫోటో తెరుచుకుంటేనే పండగ.

ఆట తెలియనివాళ్లకి రెండు ముక్కల్లో చెప్తాను. అటు ఐదుగురు, ఇటు ఐదుగురు. తలా ఒక వీరుణ్ణి ఎంచుకుంటారు, ఒక్కో వీరుడికి ఒక్కో శక్తి. మైదానంలో ఒక చోటు ఉంటుంది, దాన్ని పాయింటు అంటాం. దాని మీద కాసేపు నిలబడితే అది మనదవుతుంది. ఎంతమందిని చంపావని చివర్లో ఎవరూ అడగరు. పాయింటు ఎవరి చేతిలో ఉందన్నదే చూస్తారు.

అమ్మ పోయిన ఏడాది నేను ఈ ఆటలోకి వచ్చాను. మా తాతలు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డవాళ్లు. ఇంట్లో తెలుగు మాట్లాడే మనిషి అమ్మే. పాటల పుస్తకం ముందు పెట్టి నాకు అక్షరాలు నేర్పిందీ ఆవిడే. మా ఆయన రాంచీ వాళ్లబ్బాయి, బంగారం లాంటి మనిషి, కానీ మా ఇంట్లో అంతా హిందీయే. అమ్మ పోయాక ఆదివారం చర్చి ఆరాధనలో తప్ప నా చెవిన తెలుగు పడటం మానేసింది. అక్కడ వినిపించేది ప్రసంగాల తెలుగు. అందులో ఎవరూ ఎవర్నీ తిట్టరు. నాకేమో తిట్టే తెలుగు కావాలి, వెటకారం తెలుగు కావాలి, "నీ మొహంలే" అనే తెలుగు కావాలి.

మా ఆయన పాత కంప్యూటర్లో నేను ఏదో కాలక్షేపానికి ఈ ఆట ఆడుతూ ఒక సాయంత్రం "అయ్యో దేవుడా" అన్నానో లేదో, హెడ్‌ఫోన్లో ఒక ఆడగొంతు గట్టిగా అరిచింది. "ఏటక్కా, కళ్లు కనపడవేటి నీకు? గోడకేసి కాల్తన్నావు!" అబ్బ, ఎంత హాయిగా ఉందో! ఒళ్లు పులకరించింది. తిట్టు తిని అంత సంతోషపడ్డ మనిషి లోకంలో నేనొక్కదాన్నే అయ్యుంటాను. అవతల ఉన్నది విజయనగరం అమ్మాయి, వాళ్ల జట్టుకి కెప్టెన్. నాకంటే చాలా చిన్నది. ఆ అమ్మాయితో పాటు కాకినాడ అన్నదమ్ములిద్దరూ, అనకాపల్లి నుంచి ఒక టీచరూ ఆడతారు. ఐదో మనిషి కోసం వెతుక్కుంటున్నారు. ఆ రోజు నుంచి ఆ ఐదో మనిషిని నేను.

మొదట్లో అందరికంటే ముందు నేనే చచ్చేదాన్ని. కాకినాడ చిన్నోడు "అక్క పోయింది, ఇక మొదలుపెడదామా" అనేవాడు. కెప్టెన్ కొన్నాళ్లు చూసి చూసి ఒకరోజు తేల్చి చెప్పేసింది. "అక్కా, నువ్వు కొట్లాటకి పనికిరావు. మేం ముందు నిలబడి గోల చేస్తాం. నువ్వు ఎవడి కంటా పడకుండా దొడ్డిదారిన ఎల్లి పాయింటు మీద నిలబడిపో. అంతే నీ పని."

అప్పుడు నాకు మా ఫెర్రీ గుర్తొచ్చింది. నేను రోజూ అవతలి ఒడ్డున మందుల షాపులో పనికి పోతాను. చాతం జెట్టీలో పడవ ఆనగానే అందరూ ముందువైపు ఎగబడతారు, స్కూటర్లవాళ్లు బండ్లు స్టార్ట్ చేసి పొగ వదుల్తారు. నేను ఆ తొక్కిడిలోకి పోను. రెయిలింగు పక్కన, లారీ వెనకాల సందు చూసుకుని నడుస్తాను. ఎవర్నీ తోసుకోకుండా నడిస్తే ముందర ఎగబడ్డవాళ్ల కంటే ముందే రోడ్డు మీద ఉంటాను. ఆటలోనూ అదే చేశాను. కాసేపు మాయమైపోయే శక్తి ఉన్న వీరుణ్ణి తీసుకున్నాను. ఎవడైనా ఎదురొస్తే తుపాకీ ఎత్తకుండా మూల దగ్గర ఆగడం, వాడు దాటాక కదలడం. పాయింటు దగ్గరికి చేరబోతూ మా దీవుల భాషలో "పీఛే సే ఆతున్నా" అన్నాను, వెనకనించి వస్తున్నా అని. నలుగురూ ఒక్కసారి పగలబడి నవ్వారు. "ఇదేం తెలుగక్కా తల్లీ!" అన్నాడు టీచరు. నవ్వితే నవ్వారు గానీ మర్నాటి నుంచి వాళ్లూ అదే అనడం మొదలుపెట్టారు. ఎవరు వెనక దారి పట్టినా "పీఛే సే ఆతున్నా" అనాల్సిందే.

ఒకటి మాత్రం చెప్పాలి. పాయింటు పట్టుకున్నది నేనే అని బోర్డు మీద పడుతుంది, నిజమే. కానీ నేను అక్కడ నిలబడగలిగానంటే ముందర నలుగురు కావాలని ఎదురెళ్లి, అవతలివాళ్ల కళ్లన్నీ తమ మీద పెట్టించుకుని, తన్నులు తిన్నారు కాబట్టి. ఏ సాయంత్రమూ ఒక్కరు కూడా ఆ మాట నా దగ్గర ఎత్తలేదు. ఆ రుణం నేను తీర్చుకోలేను.

తెలుగు జట్ల మధ్య ఒక చిన్న కప్పు పోటీ పెట్టారు. పేరిచ్చాం. రెండు మ్యాచ్‌లు గెలిచేసరికి విజయవాడ నుంచి ఒకతను మా జట్టులోకి వస్తానన్నాడు. అతని ఆట చూశాను. గురి అంటే అదీ, ఈగని కూడా వదలడు, నెట్టు కూడా సూపరు. కాకినాడ పెద్దోడు మొహమాటం లేకుండా చెప్పేశాడు. "అక్కా, ఏమనుకోకు. ఐదుగురికే చోటు. అతను వస్తే నువ్వు తప్పుకోవాలి." కెప్టెన్ మాత్రం "ఆదివారం ఫైనల్ మ్యాచ్ అవనీ, చూద్దాం" అంది.

ఆ వారమంతా నాకు అన్నం సహించలేదు. మందులు ఇస్తూ కూడా అదే ఆలోచన. మా ఆయనతో చెప్తే "అరే, గేమ్ హీ తో హై" అన్నాడు. ఆయన తప్పేం లేదు. పోతున్నది ఆట కాదనీ, సాయంత్రం నా చెవిలో పడే తెలుగు మొత్తం పోతుందనీ ఆయనకి హిందీలో ఎలా చెప్పను?

ఆదివారం ఆరాధన నుంచి వచ్చి, చీర కూడా మార్చకుండా కూర్చున్నాను. బయట వాన దంచేస్తోంది. మొదటి ఆటలో వెనకనించి వెళ్లి పాయింటు కొట్టేశాను. రెండోది వాళ్లు గెలిచారు. ఇక మూడోది తేల్చాలి. చివరికొచ్చేసరికి మా నలుగురూ వంతెన దగ్గర వాళ్లలో నలుగుర్ని పట్టి ఉంచారు. నేను గోడవారన నడిచాను. వాళ్ల కాపలావాడు ఒకడు నాకు వీపు పెట్టి నిలబడ్డాడు, కదుల్తాడేమోనని చాలాసేపు ఆగి వాడి పక్కనించే దాటాను. పాయింటు మీద కాలు పెట్టాను. "ఉండక్కా, ఉండు, కదలకు!" అని కెప్టెన్ అరుస్తోంది. పాయింటు ఎంతవరకు మనదైందో చూపే గీత నిండుతోంది, ఇంకొంచెం ఉంటే మనదే. అంతలో బొమ్మ ఆగిపోయింది. గొంతులు ఆగిపోయాయి. వాన చప్పుడొక్కటే మిగిలింది. నెట్టు తిరిగొచ్చేసరికి నేను నేల మీద చచ్చి పడి ఉన్నాను, పాయింటు వాళ్లది, కప్పూ వాళ్లదే.

ఎవరైనా మాట్లాడకముందే నేనే అందుకున్నాను. "నా వల్లే పోయింది. విజయవాడ అతన్ని తీసుకోండి. నేను వెళ్తాను, బస్, అంతే."

"ఎక్కడికెల్తావు?" అంది కెప్టెన్. "అతనికి మొన్న శుక్రవారమే వద్దని చెప్పీసేను."

"మరి నాకు చెప్పలేదేం?" అన్నాను.

"నువ్వు అడగనేదు కదక్కా. కాల్చేవోళ్లు ఊరికి పదిమంది దొరుకుతారు. నువ్వు నేకపోతే మేమెవర్ని తిట్టుకోవాలి?"

అంతే, నా కోపం చూడాలి! వారం రోజులు అన్నం మానేశానే మహాతల్లీ, ఒక్క ముక్క చెప్తే నీ సొమ్మేం పోయింది అని తెలుగులో సగం, హిందీలో సగం కడిగేశాను. వాళ్లూ ఊరుకుంటారా? వానొస్తే నెట్టు పోతుందని తెలిసీ మ్యాచ్‌కి ఎందుకు కూర్చున్నావని ఒకడు, నీ నెట్టుకి నేను వచ్చి పూజ చేయించనా అని ఇంకొకడు, కాపలావాడి పక్కన అంత సేపు ఆగడమేంటని టీచరు, అందరూ ఒకేసారి అందుకున్నారు. నాకు నవ్వూ ఏడుపూ కలిసొచ్చేశాయి.

ఆ గోలకి మా ఆయన వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చాడు. హెడ్‌ఫోన్ ఒక చెవిది తీసి ఆయన చెవికి పెట్టాను. ముక్క అర్థం కాకపోయినా గొంతుల్ని బట్టి కంగారుపడ్డాడు. "ఇంతమంది కలిసి నిన్నెందుకు తిడుతున్నారు?" అన్నాడు హిందీలో.

"తిట్టనీ" అన్నాను కళ్లు తుడుచుకుంటూ. "ఇంకా తిట్టనీ."