శామీర్‌పేటలో నడిచిన ఇనుము

శామీర్‌పేట సర్వే శిబిరానికి నన్నూ రానిస్తున్నారన్న కబురు మేడ్చల్‌లోని మా ఇంటికి మొదట తెచ్చింది మా నాయినే. అది 1944 చలికాలం. ఇంట్లో ఆయన దగ్గరే లెక్కలూ ఉర్దూ నేర్చుకొని యూనివర్సిటీలో సర్వేయింగు చదువుతున్నాను. తరగతిలో ఆడపిల్లను నేనొక్కదాన్నే. ఆ భాగ్యానికి దేవునికి ఎన్ని స్తోత్రాలు చెప్పినా తక్కువే. నాయిన షరతు ఒకటి: మేనత్త శాంతమ్మ నన్ను విడిచి పక్కకు పోకూడదు. ప్రొఫెసరుగారి షరతు ఇంకొకటి: నా కొలత కలవకపోతే ఫీల్డు పని అక్కడితో ఆఖరు. ఫీల్డు పని చేయనివారికి పరీక్ష లేదు.

లాల్‌గడి మలక్‌పేట వైపున్న గుట్ట చుట్టూ చెక్క మేకులు పాతి, ఒక్కో మేకు మీద దిక్సూచి నిలిపి, ముందరి మేకు దిక్కూ వెనకటి మేకు దిక్కూ చదవాలి. ఒకే గీతను ఈ కొస నుంచీ ఆ కొస నుంచీ చదివితే తేడా నూట ఎనభై డిగ్రీలు రావాలి. రాలేదంటే దగ్గర్లో ఇనుమేదో ముల్లును లాగుతోందన్నమాట.

మొదటిరోజు మూడో మేకు దగ్గర లెక్క తప్పింది. ప్రొఫెసరుగారి ముఖం వెలిగింది. భూమిలో ఇనుపరాయి ఉందని నిశ్చయించి, కూలీలతో మోకాలి లోతు గొయ్యి తవ్వించారు. మర్నాడు మూడో మేకు బుద్ధిగానే ఉంది, ఐదోది తప్పింది.

"ఆపా, గీ ఇనుముకు కాళ్ళున్నయా ఏంది?" అన్నాడు నా జట్టులోని రహీం.

ప్రొఫెసరుగారు నవ్వలేదు. మరుసటి సాయంత్రంలోగా కొలత కలవకపోతే నన్ను మేడ్చల్ బండి ఎక్కిస్తానన్నారు.

మూడోరోజు చిన్న ప్రార్థన చేసుకొని దిక్సూచిలోకి చూశాను. నిలవబోయిన ముల్లు ఉలిక్కిపడింది. అదే క్షణాన కింద "కటుక్" మంది. పరికరానికి ఎండ తగలకుండా పట్టే తాటాకు గొడుగు నీడలో, స్టాండు కాళ్ళ పక్కనే అత్త కూర్చొని అడకత్తెరతో వక్క కత్తిరిస్తోంది. నోరు ఖాళీ అయినప్పుడల్లా ఆమె చేరేది ఆ నీడకే.

ప్రొఫెసరుగారు అడకత్తెరను దిక్సూచి దగ్గరకు తెచ్చారు, దూరంగా తీశారు. ముల్లు దాని వెంటే తిరిగింది. ఆయన గొయ్యి పూడ్చమని కూలీలకు చెప్పి, అత్తను దూరంగా గట్టు మీద కూర్చోమన్నారు.

"అన్నకు మాటిచ్చిన సాబ్. పిల్లను ఇడిసి జరగ. గా ముల్లుకు నేనంటె పడకపోతె దాన్నే అవతల పెట్టుండ్రి."

"నువ్వు కాదత్తా, నీ అడకత్తెర," అన్నాను.

ఆమె ప్రొఫెసరుగారి చేతిలోంచి అడకత్తెరను తీసుకొని ఒడిలో పెట్టుకుంది. "గట్లయితె నేను జరుగుడే నయముండె," అంది. అయినా అడకత్తెరను ప్రొఫెసరుగారికి అప్పగించి నా పక్కనే నిలబడింది.

ఆ సాయంత్రం కొలత కలిసింది. శిబిరం ముగిసేదాకా అత్త కత్తిరించని వక్కను దవడన పెట్టుకొని తిరిగింది. కొరకడానికి పళ్ళు లేవు, నోరు తెరిస్తే వక్క జారిపోతుంది. అందుకని ఎవరితోనూ మాట్లాడలేదు.

తరువాత సర్వే ఆఫీసులో పనిచేసినన్నాళ్ళూ, అంకెలు కలవకపోతే నేలను అనుమానించే ముందు పరికరం చుట్టూ చూసేదాన్ని. తాళంచెవులో, గొలుసో, చాలాసార్లు అక్కడే దొరికేవి.

ఇది చదివినవారు నన్ను మరిచినా ఫర్వాలేదు, శాంతమ్మను ఒకసారి తలచుకోండి. ఆమె నన్నూ విడవలేదు, నా చదువునూ చెడనివ్వలేదు. తన నోరు కట్టుకుంది.